లెగో రైళ్లు రెండు, లైను ఒక్కటే: ఢీకొట్టుకోకుండా వాటంతట అవే నడవాలంటే ఎలా?

నల్లకుంట_బండి:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. ఇంట్లో రెండు లెగో రైళ్లున్నాయి, రెండూ పవర్డ్ అప్ రకం, అంటే ఇంజిన్‌లో బ్లూటూత్ సిటీ హబ్ (బండిని నడిపే చిన్న కంప్యూటర్ పెట్టె), అందులో ఆరు ట్రిపుల్ ఎ సెల్స్, కింద ఒక ట్రైన్ మోటార్, పట్టాలు ప్లాస్టిక్‌వి. ఒకటి ప్యాసింజర్, ఇంకోటి గూడ్స్. ప్యాసింజర్ ఇంజిన్‌ని మా అబ్బాయీ నేనూ కలిసి మొత్తం విప్పేసి, లాలాగూడ షెడ్ డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజిన్ మాదిరి తెల్లరంగు మీద ఎర్రపట్టీ వచ్చేలా మళ్లీ కట్టాం. ముందు అద్దం దగ్గర ఆ వాలు కుదరడానికి చాలా తిప్పలు పడ్డాం గానీ, ఇప్పుడు రైళ్లు తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడుతున్నారు.

హాల్లో నేలమీద అండాకారంలో ఒకే లైను వేశాం. ఒకవైపు స్టేషన్. అక్కడ ఒక ఎడమ పాయింటు, ఒక కుడి పాయింటు (బండిని పక్క లైనుకి మళ్లించే ముక్కలు) పెట్టి పక్కన లూప్ లైన్ ఇచ్చాం. మాకు కావాల్సింది ఇదీ: ప్యాసింజర్ బయల్దేరి చుట్టూ తిరిగొచ్చి స్టేషన్లో ఆగాలి, అది ఆగాక గూడ్స్ ఎదురు దిక్కున బయల్దేరి చుట్టి రావాలి, మళ్లీ ప్యాసింజర్. రిమోట్ ముట్టుకోకూడదు, పక్కన ఫోన్ గానీ కంప్యూటర్ గానీ ఆన్‌లో ఉండాల్సిన అవసరం కూడా రాకూడదు.

హబ్‌లలో పైబ్రిక్స్ (హబ్ సొంత సాఫ్ట్‌వేర్ బదులు వేసే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ఇన్ని సెకన్లు నడువు, తర్వాత ఆగు అని ప్రోగ్రాం రాశాం. కొత్త సెల్స్ వేసిన రోజు ప్లాట్‌ఫాం ముందు చక్కగా ఆగింది. సెల్స్ కాస్త వాడాక ఒక పెట్టె వెనకే ఆగిపోతోంది, గూడ్స్‌లో బరువు వేస్తే ఇంకా వెనక. రీచార్జబుల్ సెల్స్ వేస్తే లెక్కంతా మళ్లీ మారిపోతోంది. ఎప్పటికప్పుడు సెకన్లు దిద్దుకుంటూ కూర్చోవడం మా వల్ల కావట్లేదు.

అడగాల్సినవి మూడున్నాయి. దీనికి పాత 9 వోల్టుల లోహపు పట్టాలు కొనాలా? పాయింట్లకు మోటార్లు తప్పనిసరా? ఒక బండి వచ్చేసిందని రెండో బండికి ఎలా తెలియజేయాలి?

---

వోల్టు_బాబాయ్:

ముందు 9 వోల్టుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే దానికి డబ్బు పెట్టాక తెలిస్తే బాధ. లెగో రైళ్లు 1966లో 4.5 వోల్టుల బ్యాటరీతో మొదలయ్యాయి, తర్వాత 12 వోల్టులు వచ్చాయి, 1980 నుంచి ఆ 12 వోల్టుల రైళ్లకు దూరం నుంచి మార్చే పాయింట్లు, సిగ్నళ్లు కూడా ఇచ్చారు, 1991లో 9 వోల్టుల లోహపు పట్టాలు వచ్చాయి. ఆ పట్టాల్లోంచే మోటారుకి కరెంటు వస్తుంది కాబట్టి సెల్స్ గొడవ లేదు, నిజమే. కానీ ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు పెడితే రెండింటికీ అదే కరెంటు, అదే దిక్కు. ఒకటి ఆగి ఇంకోటి ఎదురు దిక్కున వెళ్లాలంటే పట్టాలను ముక్కలు ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు విడిగా కరెంటు ఇవ్వాలి. మీకు కావాల్సిన పనికి ఇంజిన్లోనే సెల్స్, ఇంజిన్లోనే బుర్ర ఉండటమే మేలు. ఉన్న ప్లాస్టిక్ పట్టాలతోనే కానివ్వండి.

ఇక బండి తలోచోట ఎందుకు ఆగుతోందంటే, ఆ ట్రైన్ మోటారులో తిరుగుడు లెక్కపెట్టే ఏర్పాటు ఏమీ లేదు. మీరు 60 శాతం అని చెబితే అది సెల్స్‌లో ఉన్న వోల్టేజీలో 60 శాతం ఇస్తుంది, అంతే. బండి ఎంత వేగంగా వెళ్తోందో, ఎంత దూరం వెళ్లిందో హబ్‌కి తెలీదు. కొత్త ఆల్కలీన్ సెల్స్ ఆరు కలిపి 9 వోల్టులు, అందులో 60 శాతం అంటే 5.4. రీచార్జబుల్ అయితే ఒక్కోటి 1.2 చొప్పున 7.2 వోల్టులు, అందులో 60 శాతం 4.3 మాత్రమే. అదే ప్రోగ్రాం, బండి వేరేలా నడవక ఏం చేస్తుంది?

దీన్ని సగం సరిచేయడం తేలిక. పైబ్రిక్స్‌లో హబ్‌ని బ్యాటరీ వోల్టేజీ అడిగితే మిల్లీవోల్టుల్లో చెబుతుంది. మీరు శాతం రాయకుండా, మోటారుకి 5400 మిల్లీవోల్టులు అందాలి అని అనుకోండి. 5400ని అప్పుడున్న వోల్టేజీతో భాగించి వందతో గుణిస్తే ఇవ్వాల్సిన శాతం వస్తుంది. 9000 ఉంటే 60, 7200 ఉంటే 75. సెల్స్ తగ్గేకొద్దీ శాతం దానంతట అదే పెరుగుతుంది. ఈ లెక్క మరీ గబగబా చేయించకండి, మోటారు బరువు లాగేటప్పుడు వోల్టేజీ కిందామీదా అవుతుంది, కాబట్టి సెకనుకోసారి చూసి కొన్ని రీడింగుల సగటు తీసుకుంటే చాలు.

కానీ ఇది వేగానికి మాత్రమే మందు. బరువు మారినా, ఇరుసుకి వెంట్రుకలు చుట్టుకున్నా (నేలమీద నడిపే బండికి ఇది మామూలే, అప్పుడప్పుడూ చక్రాలు ఊడదీసి తుడవండి) మళ్లీ తేడా వస్తుంది. బండి ఎక్కడుందో బండికి తెలియాలి. అదొక్కటే అసలు దారి. దానికి కలర్ అండ్ డిస్టెన్స్ సెన్సర్ కావాలి, హబ్‌కి ఒకటి చొప్పున. లెగో బూస్ట్ అనే రోబో సెట్‌లో వచ్చేదే, విడిగా కూడా అమ్మేవారు. దాన్ని ఇంజిన్ వెనక మొదటి పెట్టెలో కిందికి చూసేలా బిగించి, రెండు పట్టాల మధ్య స్లీపర్ల స్టడ్ల (గుండ్రటి బొడిపెల) మీద రంగు టైల్ (నున్నటి చదును లెగో ముక్క) పెడితే, బండి దాని మీదుగా వెళ్లేటప్పుడు రంగు చదువుతుంది. హబ్‌కి ఉన్నవి రెండే పోర్టులు, ఒకటి మోటారుకి, ఒకటి సెన్సర్‌కి, కాబట్టి ముందు లైట్లు వదులుకోవాల్సిందే. డబ్ల్యూఏపీ-7 అంత ముచ్చటగా కట్టుకున్నవారికి అది కాస్త కష్టమే.

సెన్సర్ పెట్టాక అందరికీ వచ్చే ఇబ్బంది, బండి టైల్ దాటిపోయినా ఆగదు. ఎందుకో చూడండి. బండి సెకనుకి 60 సెంటీమీటర్లు వెళ్తోందనుకోండి. టైల్ రెండు స్టడ్ల పొడవు, అంటే 16 మిల్లీమీటర్లు. ఆ టైల్ మీద సెన్సర్ ఉండేది సెకనులో నలభయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ అంతే, 27 మిల్లీసెకన్లు. ప్రోగ్రాం ప్రతి చుట్టుకీ 50 మిల్లీసెకన్లు ఆగుతుంటే ఆ సందులో టైల్ వెళ్లిపోతుంది. అందుకని 10 మిల్లీసెకన్లకోసారి చదివించండి, టైల్‌ని నాలుగు స్టడ్ల పొడవు చేయండి, వరుసగా రెండుసార్లు అదే రంగు వస్తేనే నమ్మండి. ఈ చివరిది ముఖ్యం, టైల్ అంచు మీద ఉన్నప్పుడు సగం టైలు సగం నేల కలిసి ఏదో మూడో రంగు కనబడుతుంది.

ఇంకోటి, మన ఇళ్లలో నేలంతా తెల్లటి విట్రిఫైడ్ టైల్సే కదా. స్లీపర్ల మధ్య ఖాళీలోంచి సెన్సర్‌కి ఆ తెలుపు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి తెలుపుని గుర్తుగా వాడొద్దు. పట్టాల కింద నల్ల చార్ట్ పేపర్ పరిస్తే ఇంకా మంచిది. ఎరుపు, పసుపు బాగా విడిగా తెలుస్తాయి. కిటికీ పక్కన ఎండ పడే చోట టైల్ పెట్టకండి.

---

నల్లకుంట_బండి:

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. ఆ 9 వోల్టుల విషయం చెప్పి మంచిపని చేశారు, ఒక పాత సెట్‌కి బేరం ఆడుతూ ఉన్నాను. 5400 లెక్క ఈ రాత్రికే పెడుతున్నా. సెన్సర్లు రెండూ వేట మొదలుపెట్టాలి. మరి పాయింట్లు, రెండు బండ్ల మధ్య మాట సంగతి ఎవరైనా చెప్తారా?

---

బీచ్‌రోడ్_అమ్మ:

మాది వైజాగ్. మీ ఇంట్లో డూప్లో (చిన్నపిల్లల పెద్ద ఇటుకల లెగో) రైలు ఉందేమో ముందు చూడండి. 2018లో వచ్చిన డూప్లో స్టీమ్ ట్రైన్, కార్గో ట్రైన్ రెండింటిలోనూ కింద రంగు చూసే కన్ను ఉంటుంది. పట్టాకి తగిలించే రంగు ముక్కలు వస్తాయి, ఎర్రది మీదుగా వెళ్తే బండి ఆగుతుంది, ఆకుపచ్చదానికి వెనక్కి తిరుగుతుంది, పసుపుకి హారన్, తెలుపుకి లైటు, నీలానికి నీళ్లో డీజిలో పోసిన చప్పుడు. బాబాయ్ గారు చెప్పిన పద్ధతే ఇది, రెండేళ్ల పిల్లల కోసం లెగోవాళ్లే చేసిపెట్టారు. మా పాప ఎర్ర ముక్కని సరిగ్గా సొరంగం లోపల పెట్టి, రైలు అందులో నిద్రపోతోందని అందరినీ ఉష్ ఉష్ అంటుంది. తను ఏ ప్రోగ్రామూ రాయలేదు కానీ ఎక్కడ ఆగాలో పట్టాకే చెప్పింది. మీ అబ్బాయికి సంగతి అర్థం కావాలంటే ముందు దీంతో ఆడించి చూపించండి, ఆ తర్వాత సెన్సర్ సంగతి ఒక్క మాటలో ఎక్కుతుంది.

ఇది చదివేవాళ్లలో హబ్ లోపలి సాఫ్ట్‌వేర్ మార్చడానికి భయపడేవాళ్లు ఉంటే, లెగోవారి పవర్డ్ అప్ యాప్‌లోనూ బ్లాకులు పేర్చి సెన్సర్ చూసి ఆగేలా చేయొచ్చు. ఒక బండికి అది హాయిగా సరిపోతుంది. కాకపోతే ఫోన్ కలిసే ఉండాలి. పైబ్రిక్స్ అయితే ప్రోగ్రాం హబ్‌లోనే ఉండిపోతుంది, పచ్చ బటన్ నొక్కితే చాలు. నచ్చకపోతే మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు, హబ్‌కి ఏమీ కాదు.

---

సిగ్నల్_మాస్టారు:

నేను దక్షిణ మధ్య రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా మనవడి కోసం ఈ లెగో రైళ్ల జోలికొచ్చాను, ఇప్పుడు వాడికంటే నాకే పిచ్చి ఎక్కువైంది. మీరు అడిగింది అచ్చంగా సింగిల్ లైన్ సమస్య. మేం ఉద్యోగమంతా చేసిన పని అదే, కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

పాయింట్లతో మొదలుపెడతాను. మోటార్లు అక్కర్లేదు. లెగో పాయింటులో నాలుకకి, అంటే దారి మార్చే కదిలే పట్టా ముక్కకి, లోపల స్ప్రింగు పట్టు ఉంటుంది. రెండు లైన్లు కలిసే వైపు నుంచి బండి వస్తే, పాయింటు వేరే దిక్కుకి పెట్టి ఉన్నా చక్రాలే నాలుకని తోసుకుంటూ వెళ్లిపోతాయి, అవి దాటగానే నాలుక మళ్లీ పాత చోటికి వస్తుంది. దీన్ని వాడుకోండి. మన దేశంలో డబుల్ లైన్ మీద బండి ఎడమ లైన్లో వెళ్తుంది కదా, మీ స్టేషన్లోనూ ఎవరి ఎడమ వారిదే అని పెట్టేయండి. లూప్ లైన్ ఉత్తరం వైపు ఉందనుకుందాం. పడమటి నుంచి వచ్చే ప్యాసింజర్‌కి ఉత్తరం ఎడమ చేయి, కాబట్టి పడమటి పాయింటు లూప్‌కి పెట్టి అలాగే వదిలేయండి. తూర్పు నుంచి వచ్చే గూడ్స్‌కి ఎడమ చేయి దక్షిణం, అంటే మెయిన్ లైను, కాబట్టి తూర్పు పాయింటు నేరుగా పెట్టి వదిలేయండి. బయటికి వెళ్లేటప్పుడు ఏ బండి దారి అదే తోసుకుని వెళ్తుంది. మీ దగ్గరున్న ఒక ఎడమ, ఒక కుడి పాయింటు సరిగ్గా దీనికి సరిపోతాయి. మరీ తేలికైన ఖాళీ వ్యాగన్ తోసుకోలేక పట్టా తప్పొచ్చు, అందులో నాలుగు ఇటుకలు వేస్తే చాలు.

ఇక రెండు బండ్ల మధ్య మాట. పైబ్రిక్స్‌లో ఒక హబ్ కొద్దిపాటి సమాచారం గాల్లోకి చెబుతూ ఉంటే, ఇంకో హబ్ వింటూ ఉండే వీలుంది. ప్యాసింజర్ ఒకటో ఛానెల్లో చెప్పి రెండో ఛానెల్ వింటుంది, గూడ్స్ దానికి తిరగేసి. ఫోన్ అవసరం లేదు. ఇంతవరకూ తేలికే. ఏం చెప్పాలి అన్నదగ్గరే జాగ్రత్త.

చాలామందికి మొదట తట్టేది, స్టేషన్లో ఉన్నాను, లైన్లో ఉన్నాను అని రెండు మాటలు పెట్టుకోవడం. ఎదుటి బండి స్టేషన్లో ఉంటే లైను ఖాళీ, నేను వెళ్లొచ్చు. బాగానే ఉన్నట్టుంది కదా? రెండూ స్టేషన్లో ఉన్నప్పుడు చూడండి. ప్యాసింజర్ గూడ్స్‌ని చూసి లైను ఖాళీ అనుకుంటుంది, అదే క్షణంలో గూడ్స్ ప్యాసింజర్‌ని చూసి ఖాళీ అనుకుంటుంది. రెండూ కదుల్తాయి, మీ సోఫా వెనకాల ఎక్కడో ఎదురుపడతాయి. లైను ఖాళీగా ఉందని తెలిస్తే చాలదు, ఇప్పుడు ఆ లైను నాది అని కూడా తెలియాలి.

దీనికోసమే సింగిల్ లైన్ మీద టోకెన్ పెట్టారు. నీల్స్ బాల్ టోకెన్ అని ఉండేది, రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, లోపల ఇనప బంతులు. రెండు స్టేషన్ల యంత్రాలూ తీగతో కలిసి ఉంటాయి, రెండింట్లో ఎక్కడి నుంచైనా ఒక్క బంతి బయటికి వచ్చిందంటే అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా ఇంకో బంతి రాదు. ఆ బంతిని సంచిలో వేసి, బెత్తం రింగుకి కట్టి డ్రైవర్ చేతికి అందించేవారు. ఆగని బండి అయితే ప్లాట్‌ఫాం చివర నిలబడి రింగు ఎత్తిపట్టుకుంటే డ్రైవర్ చేయి చాపి అందుకునేవాడు. బంతి చేతిలో లేకుండా ఏ డ్రైవరూ ఆ సెక్షన్లోకి వెళ్లడు.

మీ హబ్‌లలో ఆ బంతి ఒక అంకె. నేను చేసింది చెబుతాను. ప్రతి బండీ రెండు విషయాలు చెబుతూ ఉంటుంది: ఎక్కడున్నాను, ఇప్పుడు ఎన్నో వంతు. వంతు 1తో మొదలు. బేసి అంకె అయితే ప్యాసింజర్‌ది, సరి అంకె అయితే గూడ్స్‌ది. ప్యాసింజర్ బయల్దేరి, చుట్టి వచ్చి, ఆగాక మాత్రమే అంకెని 2 చేసి చెబుతుంది. గూడ్స్ 2 విని, అవతలి బండి స్టేషన్లోనే ఉందని కూడా చూసుకుని కదుల్తుంది, తిరిగొచ్చి 3 చేస్తుంది. రెండు బండ్లకూ ఒకే అంకె ఒకేసారి సొంతం కాదు కాబట్టి ఎదురుపడే మాటే లేదు. మధ్యలో ఏ హబ్ ఆఫ్ అయినా, రెండు బండ్లనూ స్టేషన్లో పెట్టి రెండింటినీ కలిపి మొదటినుంచి మొదలుపెట్టాలి. దీన్ని ఒక నియమంగా గోడమీద రాసి అంటించండి, పిల్లలు బాగా పాటిస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. అవతలి హబ్ నుంచి దాదాపు ఒక సెకను పాటు ఏమీ వినబడకపోతే పైబ్రిక్స్ మీకు ఖాళీ జవాబిస్తుంది. ఖాళీ జవాబు వస్తే కదలకూడదు. మౌనం లైన్ క్లియర్ (లైను ఖాళీ, బండి రావచ్చు అన్న అనుమతి) కాదు. సిగ్నల్ దీపం ఆరిపోయినా, తీగ తెగినా మా దగ్గర అర్థం ఒక్కటే, ఆగు.

టైల్స్ సంగతి బాబాయ్ గారు చక్కగా చెప్పారు. అది చదువుతుంటే నాకు మన రైల్వేలో బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ గుర్తొచ్చింది. అందులోనూ పట్టాల మధ్య స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియోతో చదివే చిప్పులు) బిగిస్తారు, ఇంజిన్ కింద ఉన్న రీడర్ వాటిని చదివి బండి ఎక్కడుందో తెలుసుకుంటుంది, డ్రైవర్ బ్రేకు వేయకపోతే అదే వేస్తుంది. ప్యాసింజర్ బండ్లతో తొలి ట్రయల్స్ 2016లో మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిటిగిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజిన్లో ఉండగా ఎదురెదురుగా నడిపి చూశారు, అవతలి ఇంజిన్‌కి 380 మీటర్ల దూరంలో బండి దానంతట అదే ఆగింది. మీ హాల్లో మీరు చేస్తున్నది ఆ పని. చిన్నది అనుకోవద్దు.

---

వోల్టు_బాబాయ్:

మాస్టారూ, ఆ బేసి-సరి పద్ధతి అద్భుతం. ఇన్నాళ్లూ నేను వంతు కోసం బోలెడన్ని మాటలు పెట్టుకుని ప్రోగ్రాం పెద్దది చేసుకునేవాడిని, ఒక్క అంకెతో తేలిపోయింది.

నల్లకుంట గారూ, ఈ ఏర్పాటుకి టైల్స్ ఎక్కడ పెట్టాలో చెప్తాను, ఇక్కడ ఒక చిక్కుంది. ప్రతి బండికీ ఆగడానికి దాని లైన్లో ఒక ఎర్ర టైల్. పూర్తి వేగంతో వచ్చి ఎర్రది చూసి ఆగితే జారిపోతుంది, అందుకని స్టేషన్‌కి ముందు, పాయింటుకి అవతల, ఒక పసుపు టైల్ పెట్టి అక్కడ మోటారుకిచ్చే 5400 మిల్లీవోల్టుల్ని 3500కి దించాలి. రెండు వైపులా పసుపు ఉంటుంది కాబట్టి, బయల్దేరిన బండికి మొదట ఎదురయ్యేది అవతలి బండి తాలూకు పసుపు. దానికి స్పందించకూడదు. చుట్టులో మొదటి పసుపుని వదిలేసి రెండోదానికి నెమ్మదించు అని రాయండి. అలాగే బయల్దేరేటప్పుడు సెన్సర్ కిందే ఎర్ర టైల్ ఉంటుంది, అది దాటి పోయేదాకా ఎరుపుని చూడొద్దని చెప్పాలి, లేకపోతే బండి కదలగానే మళ్లీ ఆగి అక్కడే ఊగిసలాడుతుంది. 3500 దగ్గర మీ గూడ్స్ లాగలేకపోతే 4000 పెట్టి చూడండి.

---

బెజవాడ_బ్రిక్స్:

సెన్సర్లు, అదనపు పట్టాల కోసం విదేశాల నుంచి తెప్పించే ముందు లెక్క వేసుకోండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. బ్రిక్‌లింక్ అనే లెగో ముక్కల సైట్‌లో చవగ్గా కనబడ్డ సరుకు కొరియర్ చార్జీ, సుంకం కలిపి ఇంటికొచ్చేసరికి ధర ఎక్కడికో వెళ్తుంది. అమెరికా నుంచో జర్మనీ నుంచో సెలవులకి వచ్చే చుట్టాలుంటే సెన్సర్లు చిన్నవే, సూట్‌కేసులో ఓ మూల పడతాయి. ఇక్కడే పాత బూస్ట్ సెట్ ఎవరైనా అమ్ముతుంటే అది కూడా చూడండి, సెన్సర్‌తోపాటు ఇంకో హబ్, మోటార్లు కూడా వస్తాయి. కొనేముందు సెన్సర్ వెలుగుతోందా, తీగ మొదట్లో నలగలేదా అని వీడియో అడగండి.

పట్టాలు ఎన్ని కావాలో ముందే బ్లూబ్రిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో గీసి చూసుకుంటే డబ్బు వృథా కాదు. స్ట్రెయిట్ ముక్క 12.8 సెంటీమీటర్లు. వంపు ముక్కలు పదహారైతే ఒక పూర్తి వృత్తం.

---

నల్లకుంట_బండి:

మాస్టారు గారూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. బంతి టోకెన్ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. ఇప్పుడు వాడి డిమాండ్ ఏంటంటే అంకె చాలదట, స్టేషన్లో నిజంగా ఒక బంతి కూడా అటూ ఇటూ మారాలట.

బీచ్‌రోడ్ అమ్మగారూ, మా చిన్నదానికి డూప్లో రైలు ఉంది, అటకమీద నుంచి దించాం.

బెజవాడ గారి సలహా విని ఒక సెన్సర్ ఇక్కడే సంపాదించాను, రెండోది వచ్చే నెల మా బావగారితో వస్తుంది. ఒక సెన్సర్‌తో ప్యాసింజర్‌ని పరీక్షించాం. నల్ల చార్ట్ పరిచాక ఎరుపు ఒక్కసారి కూడా తప్పలేదు, సెల్స్ మార్చినా ఆగే చోటు అదే. మేం ఇంత తేడా ఊహించలేదు.

కొత్త ప్రశ్న. గూడ్స్‌లో బరువు వేసి పెట్టెలు పెంచితే వంపు దగ్గర పెట్టెల్ని కలిపే అయస్కాంతం విడిపోయి వెనక రెండు వ్యాగన్లు లైన్లోనే ఉండిపోతున్నాయి. ఇంజిన్ మాత్రం వచ్చి ఎర్ర టైల్ మీద ఆగుతుంది. రేపు రెండు బండ్లూ నడిస్తే గూడ్స్ వచ్చేశానని అంకె మార్చేస్తుంది, ప్యాసింజర్ వెళ్లి ఆ వ్యాగన్లని గుద్దుతుంది. దీనికి ఏం చేస్తారు?

---

సిగ్నల్_మాస్టారు:

చాలా మంచి ప్రశ్న అడిగారు, బాబూ. బండి వెనక చివరి పెట్టెకి ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) అని రాసిన బోర్డు, పెద్ద ఇంటూ గుర్తు చూసే ఉంటారు. స్టేషన్ మాస్టర్ ఇంజిన్ వచ్చిందని లైన్ క్లియర్ ఇవ్వడు. చివరి పెట్టె వచ్చిందని కళ్లతో చూశాకే బండి పూర్తిగా వచ్చినట్టు లెక్క. మీ దగ్గర ఇంజిన్ చూసి అంకె మారుస్తున్నారు, అక్కడ ఉంది తేడా.

ముందు విడిపోకుండా చూడండి. లెగో వంపు చాలా బిగువు, మధ్య గీతకి వ్యాసార్థం 32 సెంటీమీటర్లే, అక్కడ పొడవాటి బండి ఈడ్చుకుంటూ వెళ్తుంది, ఆ లాగుడంతా మొదటి రెండు జోళ్ల అయస్కాంతాల మీదే పడుతుంది. కాబట్టి బరువైన వ్యాగన్ని ఇంజిన్ వెనకే పెట్టి ఖాళీవి చివర పెట్టండి. ఎప్పుడూ కలిసే ఉండే వ్యాగన్ల మధ్య అయస్కాంతాలు తీసేసి టెక్నిక్ లింకు ముక్కని పిన్నులతో బిగించండి, అటూ ఇటూ తిరిగేంత వదులు ఉండాలి. ఇంజిన్‌కీ మొదటి వ్యాగన్‌కీ మధ్య మాత్రం అయస్కాంతం ఉంచుకుంటే మార్చుకోవడానికి వీలు.

ఇక చివరి పెట్టె వచ్చిందో లేదో బండికే తెలియాలంటే, ఇంకో హబ్, ఇంకో సెన్సర్ స్టేషన్లో పెట్టాలి. బూస్ట్ సెట్ దొరికితే ఎటూ చేతిలో ఉంటాయి. గూడ్స్ స్టేషన్లోకి వచ్చే చోట, పాయింటు దాటాక, మెయిన్ లైను పక్కన సెన్సర్ని నిలబెట్టి, చివరి వ్యాగన్ పక్కకి ఎర్ర టైల్ అంటించి, మిగతా వ్యాగన్ల పక్కలకి ఎరుపు లేకుండా చూసుకోండి. ఆ ఎర్రది కనబడ్డాకే అంకె మారాలి. స్టేషన్ హబ్‌కి మూడో ఛానెల్ ఇవ్వండి. అది దొరికేదాకా అంకె మార్చే పని మీ అబ్బాయికి అప్పగించండి: బండి ఆగాక చివరి పెట్టె చూసి, హబ్ మీద బటన్ నొక్కితేనే వంతు మారేలా ప్రోగ్రాం రాయండి. వాడు అడిగిన బంతి కూడా అప్పుడే చేతిలో పెట్టండి.

స్టేషన్లో రెండు పాయింట్ల మధ్య పొడవు కూడా చూసుకోండి. ఇంజిన్ ఎర్ర టైల్ మీద ఆగినప్పుడు చివరి వ్యాగన్ వెనక పాయింటు దగ్గర రెండు లైన్లు దగ్గరయ్యే చోటు దాటి పూర్తిగా లోపలికి వచ్చి ఉండాలి. మేం అక్కడ ఫౌలింగ్ మార్క్ అని ఒక గుర్తు పాతుతాం, దాని బయట పెట్టె ఉంటే పక్క లైన్లో వెళ్లే బండి దాన్ని గీసుకుంటుంది. ముందువైపు కూడా టైల్‌ని ఎదుటి పాయింటుకి ఆనించి పెట్టకండి. కలర్ లైట్ సిగ్నళ్లు ఉన్నచోట స్టాప్ సిగ్నల్ దాటాక 120 మీటర్లు ఖాళీగా ఉండేలా చూస్తాం, ఒకవేళ బండి కాస్త జారినా ప్రమాదం రాకూడదని. మీకు ఒక స్ట్రెయిట్ ముక్క ఖాళీ వదిలితే చాలు. ముందు మీ గూడ్స్ పొడవు టేపుతో కొలవండి, దానికి రెండు ముక్కలు కలిపి, పాయింట్ల మధ్య అంత చోటు ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. లేకపోతే వ్యాగన్లయినా తగ్గించాలి, సోఫా అయినా జరపాలి.